అజ్జికి అర్థమయ్యే పెళ్ళి

మేము వెళ్ళింది పెళ్ళికి కాదు, పెళ్ళి ఎలా చేయాలో తేల్చుకోవడానికి. మామూలుగా ఈ పని పెద్దమనుషులు నలుగురు కూర్చుని ఒక పూటలో ముగిస్తారు. మాకు శుక్రవారం పొద్దుటి నుంచి ఆదివారం సాయంత్రం దాకా పట్టింది. పిల్లది కన్నడం, పిల్లవాడిది తెలుగు, మధ్యలో ఉన్నది నేను.

నేను జహీరాబాద్ పక్క పల్లెలో పుట్టి, పెళ్ళై బీదర్ చేరాను. రెండు భాషలూ నోటికి వచ్చు. చేతికి వచ్చింది తెలుగు ఒక్కటే. అదీ యాభై దాటాక, మా కూతురి పిల్లల పలక మీద దిద్దుకున్నది. కన్నడ బోర్డులు ఇప్పటికీ సగం చదివి సగం ఊహిస్తాను.

మా పక్కింటి ప్రభాకర్ బస్సు డిపోలో మెకానిక్. అతని కూతురు రూప హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో చేరింది. అప్పట్లో మా వీధిలో ఏ పిల్లకు నాలుగు ఇంగ్లీషు ముక్కలు వచ్చినా హైదరాబాద్ బండే ఎక్కేది. అదే ఆఫీసులో ప్రవీణ్ అనే అబ్బాయి పరిచయమయ్యాడు. వాళ్ళది చేవెళ్ల దగ్గర ఆలూరు. రెండిళ్ళూ తరతరాలుగా చర్చికి వెళ్ళేవే. అందుకని పేచీ పెట్టడానికి పెద్దలకు భాష తప్ప ఇంకేమీ దొరకలేదు.

బీదర్ బండి

బండిలో నలుగురి చోట ముగ్గురం కూర్చున్నాం. నేను, ప్రభాకర్, ప్రభాకర్ తల్లి శాంతమ్మ. ఆమెను అందరూ అజ్జి, అంటే అవ్వ, అనే పిలుస్తారు. రూపకు ఊహ తెలియకముందే తల్లి పోతే పెంచింది ఈ అజ్జే. ఆమె చేతిసంచిలో ఎండబెట్టిన జొన్నరొట్టెలు, పల్లీలతో దంచిన శేంగాచట్నీ పొడి, ఒక సీసా నిండా నువ్వుల కారం ఉన్నాయి. తెలుగువాళ్ళ ఇంట్లో మూడు రోజులు ఏం పెడతారోనని జాగ్రత్త.

జహీరాబాద్ దాటాక అజ్జి నా మోచెయ్యి గిల్లింది.

"ఒకటి చెప్తాను, వాళ్ళకు సరిగ్గా చెప్పు. చర్చిలో ఆ పిల్లవాడు మా రూపకు మాటిస్తాడు కదా. ఆ మాట నాకు అర్థం కావాలి. అర్థం కాని మాట మీద పిల్లను ఇవ్వను."

"అంత పట్టుదల ఎందుకజ్జీ?" అన్నాను.

అప్పుడు తన పెళ్ళి సంగతి చెప్పింది. ఆమె పెళ్ళి చేసిన పాదిరిగారు ఎక్కడో దూరదేశం మనిషి. ఆయన చదివిన భాష పెళ్ళికూతురికీ రాదు, పెళ్ళికొడుకుకూ రాదు. ఆయన ఆగిన చోటల్లా వీళ్ళు తల ఊపారు.

"తరవాత నలభై ఏళ్ళు నేను ఏమడిగినా రూప తాత ఒకటే అనేవాడు, 'ఆ మాట నేను ఇచ్చానా? ఎవరు విన్నారు?' అని. సంతకు తీసుకెళ్ళమన్నా అదే, నీళ్ళు తోడమన్నా అదే."

ప్రభాకర్ కిటికీ వైపు తిరిగి నవ్వు దాచుకున్నాడు. నాకూ నవ్వొచ్చింది, కానీ అజ్జి ముఖంలో నవ్వు లేదు.

"వాళ్ళు ఒప్పుకోకపోతే?"

"మీరందరూ వెళ్ళండి, భోంచేసి రండి. నేను ఇంట్లో ఉంటాను."

అజ్జి రాకపోతే చర్చి మెట్లే ఎక్కనని రూప నాతో అంతకుముందే అని ఉంది. కాబట్టి ఆ బండిలో నేను మోసుకెళ్ళింది అజ్జి సంచి ఒక్కటే కాదు.

శంకర్‌పల్లి

వికారాబాద్‌లో సగం బండి ఖాళీ అయింది. శంకర్‌పల్లిలో మేము దిగేసరికి ప్లాట్‌ఫారం నిండా కాలీఫ్లవర్ గంపలు, గంపల మీద కూర్చున్న ఆడవాళ్ళు. ఒకామె జరిగి అజ్జికి చోటిచ్చి, చేతిలో ఒక జామపండు పెట్టింది. పైసలిస్తే తీసుకోలేదు. "అవ్వ దగ్గర పైసలా?" అంది. మా బీదర్‌లోనైతే జామపండు ముందు కోసి ఉప్పూకారం చల్లి పైసలు తీసుకుంటారు, ఆ తరవాతే అవ్వా, అన్నా అని పిలుస్తారు.

చేవెళ్లకు ఆటో మాట్లాడుకున్నాం. డ్రైవర్ పేరు యాదగిరి. బండి కదలగానే వెనక్కి తిరిగి, "ప్లాట్ చూడనీకె వచ్చిన్రా?" అన్నాడు.

"పెండ్లి మాట్లాడనీకె వచ్చినం" అన్నాను.

"పెండ్లి అయినంక ప్లాటే గదా అక్క! జర ఆ పక్క చూడున్రి."

చూశాను. రోడ్డుకు రెండు పక్కలా చేలు, చేల మధ్య రాళ్ళు పాతి రంగు జెండాలు. ప్రతి జెండా దగ్గరా ఒక బోర్డు. ఆ బోర్డులన్నీ తెలుగులో ఉన్నాయి. ఊహించుకోనక్కర లేకుండా బోర్డు వెంట బోర్డు చదువుకుంటూ వెళ్ళడం నాకు సినిమా చూసినట్టుగా ఉంది. సాఫ్ట్‌వేర్ ఆఫీసుకు ఇరవై నిమిషాలే అని ఒక బోర్డు. ఇంకా ముందుకు వెళ్ళాక పదిహేను నిమిషాలే అని ఇంకో బోర్డు. మేమేమో ఆ ఆఫీసులకు దూరమవుతున్నాం.

అజ్జి, "ఏమంటున్నాడు?" అంది. చెప్పాను. "ఇక్కడ బోరు ఎంత లోతు వేయాలో అడుగు" అంది.

అడిగాను. యాదగిరి మళ్ళీ వెనక్కి తిరిగి అజ్జికి దండం పెట్టాడు. "అవ్వా, గిది ఒక్కటి తప్ప ఏదన్న అడుగు." ఆ దండంలో ఆటో ఒక గేదె పక్కనుంచి వెంట్రుకవాసిలో తప్పించుకుంది. అజ్జి సంచిలోని నువ్వుల కారం సీసా ఎగిరి ప్రభాకర్ తెల్ల చొక్కా మీద పడింది. వియ్యంకుల గుమ్మం అతను ఎర్ర మరకతోనే తొక్కాడు.

చేవెళ్లలో బస్సుల మధ్య ఆగి టీ తాగాం. సగం కప్పు అడిగితే సగం ధర తీసుకుని ముప్పావు కప్పు పోశారు. ఈ ఒక్క విషయంలో మా ఊరు చేవెళ్లను చూసి నేర్చుకోవాలి.

ఆలూరు

ప్రవీణ్ తండ్రి దేవదాసు క్యారెట్, టమాటా పండిస్తాడు. తల్లి సువార్తమ్మ. గుమ్మంలో కాళ్ళకు నీళ్ళిచ్చి, చొక్కా మీద మరక చూసి, "అయ్యో, ఏమైంది అన్నా?" అని ఆమె అడిగిన తీరుకు నా సగం భయం పోయింది.

మగవాళ్ళిద్దరూ వచ్చీరాని హిందీలో పలకరించుకున్నారు. వాన, పంట, డిపో, టమాటా ధర. ఆ హిందీ అంతవరకు సరిపోయింది. పెళ్ళి మాట రాగానే అయిపోయింది. ఇద్దరూ నా వైపు తిరిగారు.

భోజనానికి బగారన్నం, మటన్, పచ్చిపులుసు. అజ్జి పచ్చిపులుసు ముందు అనుమానంగా వేలితో చూసి, తరవాత గ్లాసులో పోయించుకుని తాగింది. ఆమె తెచ్చిన రొట్టెలు సువార్తమ్మ విరిచి చూసి ఆశ్చర్యపోయింది. "ఇవి రొట్టెలా, అప్పడాలా? మేం జొన్నరొట్టె మెత్తగ చేస్తం." పదిరోజులు నిలవుంటాయని చెప్పాను. "పదిరోజులు ఉంటయా మా ఇంట్లె? మా ఆయన పొద్దుగూకెవరకే ఒడగొడ్తడు" అని మటన్‌లో నంచుకుని తింది.

పుస్తె సంగతి వచ్చింది. మావైపు నల్లపూసలు ఉండాలి. వీళ్ళకు పసుపుతాడుకు పుస్తె ఉండాలి. పెద్ద గొడవ అవుతుందనుకుని గొంతు సవరించుకున్నాను. నేను మొదలుపెట్టేలోపే అజ్జి తన పెళ్ళినాటి నల్లపూసలు సంచిలోంచి బయటికి తీసింది, సువార్తమ్మ తన పుస్తె తీసింది. రెండూ పక్కపక్కన పెట్టి చూసుకున్నారు. "రెండు కడ్తడు. వానికి చేతులు రెండున్నయి గద" అంది సువార్తమ్మ. అయిపోయింది. ఒక్క మాట కూడా నేను మోయలేదు.

అదే ధైర్యంతో అజ్జి షరతు చెప్పాను. అది పాస్టరయ్యగారే తేల్చాలన్నాడు దేవదాసు.

సాయంత్రం పాస్టరయ్యగారు వచ్చారు. ఉత్సాహం గల మనిషి. అప్పటికే కార్యక్రమం వేసుకున్నారు. తెలుగు ప్రార్థన, తరవాత కన్నడ ప్రార్థన. వాక్యం రెండు సార్లు. పాటలు రెండేసి. ప్రసంగం తెలుగులో, దానికి నా కన్నడం. అన్నీ కలిపి చూసుకుని ఆయనే బెంబేలెత్తారు.

"నాలుగు గంటలైతది. ఇది పెండ్లా, పొద్దంత నడిచే ఉజ్జీవ కూటమా?" అన్నారు.

"భోజనాలు మొయినాబాద్‌ల అయ్యగారూ. సాయంత్రం నాలుగింటికి హాలు ఖాళీ చెయ్యాలె" అన్నాడు దేవదాసు.

"అయితే కొన్ని తీసేయాలె. కానీ ప్రమాణం మాత్రం తెలుగులనే ఉండాలె అక్కా. సాక్షులు మా సంఘపోళ్ళు. పిల్లగాడు ఏం మాటిచ్చిండో వాళ్ళకు అర్థం కావాలె గద."

అది అజ్జికి చెప్పాను. అజ్జి, "నేనూ అదే అంటున్నాను, అర్థం కావాలి" అంది. అది అయ్యగారికి చెప్పాను. ఆయన, "నేను చెప్పేది కూడ గదే" అన్నారు. ఒకే మాటను ఇటొకసారి అటొకసారి మోస్తున్నానని నాకు తెలుస్తూనే ఉంది. కానీ మోసేవాళ్ళు మధ్యలో సొంత మాట కలపకూడదు.

"పోనీ రెండు భాషల్లో రెండు సార్లు చెప్పిస్తే?" అన్నాడు ప్రభాకర్.

అయ్యగారు తల అడ్డంగా ఊపారు. "ప్రమాణం ఒక్కసారే అన్నా. ఇచ్చిన మాట మళ్ళొకసారి ఇచ్చిండు అంటే, మొదటిది చెల్లలేదనే గద."

అజ్జి సంచి తాడు బిగించుకుని గోడ వైపు జరిగి కూర్చుంది. ఆ కూర్చోవడం నాకు తెలుసు. మా వీధిలో పాలవాడితో కూడా అలాగే కూర్చుంటుంది, అతను దిగివచ్చేదాకా.

మొయినాబాద్

శనివారం హాలు చూడడానికి వెళ్ళాం. చేవెళ్ల నుంచి మొయినాబాద్ దాకా రోడ్డు పక్కన పూలతోటలు. బంతి, చామంతి, గులాబీ. పట్నం పెళ్ళిళ్ళన్నిటికీ ఇక్కడి నుంచే పూలు వెళ్తాయట. ఒకచోట ఆగి ధర అడిగితే తోటావిడ, "పెండ్లిల్ల సీజన్‌కు అడుగున్రి, అప్పుడు ఏడిపిస్త. ఇప్పుడు ఊకె తీస్కపోన్రి" అని అజ్జి ఒళ్ళో దోసెడు చామంతులు పోసింది. అజ్జి ముఖం కొంచెం వదులైంది. ముడిలో రెండు పెట్టుకుని నాకు రెండిచ్చింది.

హాల్లోకి వెళ్ళేముందు దేవదాసు అందరినీ గేటు దగ్గర ఆపాడు.

"కొడుకు సాఫ్ట్‌వేర్ అని చెప్పొద్దు. సాఫ్ట్‌వేరోళ్ళకు ఒక రేటు, మనసొంటోళ్ళకు ఒక రేటు."

అది అజ్జికీ కన్నడంలో చెప్పాను. అజ్జి దొంగలా తలూపింది.

మేనేజర్ కుర్రవాడు నున్నగా తల దువ్వుకుని ఉన్నాడు. "సార్, అబ్బాయి ఏం చేస్తడు?"

"నౌకరి చేస్తడు" అన్నాడు దేవదాసు ఫ్యాను వంక చూస్తూ.

"ఎక్కడ సార్?"

"పట్నంల."

బేరం చక్కగా దిగుతోంది. కూల్ డ్రింక్స్ ఊరికే ఇస్తానన్నాడు. అప్పుడే బయట మోటార్ సైకిల్ ఆగింది. ప్రవీణ్, రూప లోపలికి వచ్చారు. రాత్రి డ్యూటీ నుంచి తిన్నగా వచ్చినట్టున్నారు. ఇద్దరి మెడల్లోనూ నీలం తాళ్ళు, తాళ్ళకు ఫోటో కార్డులు, కార్డుల మీద కంపెనీ పేరు ఇంత పెద్ద అక్షరాలతో.

మేనేజర్ కార్డు చూశాడు. దేవదాసును చూశాడు. "చెప్పలేదేంది సార్! సాఫ్ట్‌వేర్ ప్యాకేజీ వేరే ఉన్నది" అని ఇంకో కాగితం తీశాడు. దాంట్లో పొగ వచ్చే మిషన్ ఉంది, గుర్రం ఉంది. కూల్ డ్రింక్స్ ఊరికే కాదు.

"నాలుగు దినాలు ఆ తాడు ఇంట్ల పెట్టరాదుర?" అన్నాడు దేవదాసు కొడుకుతో.

"ఏమైంది బాపు?" అన్నాడు ప్రవీణ్ అయోమయంగా. రూప నవ్వు ఆపుకోలేక అజ్జి భుజం మీద తల పెట్టింది.

చివరికి గుర్రం వదులుకుని, పొగ వదులుకుని, మధ్య రేటుకు కుదిరింది. సాయంత్రం నాలుగింటి సంగతి మాత్రం కదల్లేదు. "టైం అంటే టైం సార్. నాలుగింటికి రిసెప్షనోళ్ళు పూలు కట్టనీకె వస్తరు."

బయట చెట్టు నీడలో మిర్చిబజ్జీలు తింటూ పిల్లలకు మా చిక్కు చెప్పాం. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. వాళ్ళిద్దరూ మాట్లాడుకునేది ఇంగ్లీషులోనే. రూపకు తెలుగు అంతంతమాత్రం, అతనికి కన్నడం అసలే రాదు.

"ఇంగ్లీష్‌ల చెప్తే?" అన్నాడు ప్రవీణ్. "ఇద్దరికి అర్థమైతది గద."

నేను అటూ ఇటూ చెప్పాను. ఆ మూడు రోజుల్లో అజ్జి, దేవదాసు ఒకేసారి, ఒకే మాట అన్నది అప్పుడే. దానికి నా సాయం అవసరం పడలేదు. ఇద్దరూ చేతిలోని బజ్జీ ఆకులో పడేసి, "ఇంగ్లీషా!" అన్నారు.

అజ్జి రూప చెయ్యి పట్టుకుని నెమ్మదిగా అంది, "మీ తాతకు నేను ఆ అవకాశం ఇచ్చి నలభై ఏళ్ళు బాధపడ్డాను. నీకు ఆ బాధ వద్దు." రూప నవ్వలేదు. ప్రవీణ్ నన్ను, "ఏమన్నది అత్తమ్మా?" అని అడిగాడు. చెప్పాను. అతను బజ్జీ ఆకును మడత మీద మడత పెట్టాడు.

ఆదివారం, చర్చిలో

ఆలూరు చర్చిలో ఆడవాళ్ళు ఒక పక్క, మగవాళ్ళు ఒక పక్క చాపల మీద కూర్చుంటారు. మా బీదర్‌లో బెంచీలు. అజ్జికి కుర్చీ తెచ్చారు, వద్దంది. చాప మీదే కూర్చుంది.

మొదటి పాట ఎత్తుకోగానే అజ్జి నా వైపు తిరిగింది. ఆ రాగం మా చర్చిలో పాడేదే. మాటలు మాత్రం తెలుగు. అజ్జి ముందు పెదవులు కదిపింది, తరవాత సన్నగా కన్నడంలో అందుకుంది, రెండో చరణానికి గొంతెత్తింది. ప్రభాకర్ మగవాళ్ళ పక్క నుంచి కలిశాడు. అటు తెలుగు, ఇటు కన్నడం, ఒకేచోట మొదలై ఒకేచోట ఆగాయి. ముందు వరుసలో ముసలమ్మలు వెనక్కి తిరిగి మరీ చూశారు. అయ్యగారు అక్కడే నిలబడి, "ఇగ పాటలు రెండేసి అక్కర్లేదు!" అన్నారు.

అందరూ వెళ్ళాక ఆయన మమ్మల్ని ఉండమన్నారు. పాటల పని తేలింది. ప్రార్థనలు పంచుకున్నారు, ఒకటి వాళ్ళది, ఒకటి మాది. ప్రసంగం తెలుగులోనే. "దేవునికి అన్ని భాషలు వచ్చు, నాకు ఒక్కటే వచ్చు, ఏం చెయ్యాలె" అన్నారు. ఇక మిగిలింది ప్రమాణం.

"ముందుగాల ఒకసారి ఎట్ల నిలబడాలెనో చూసుకుందాం. ఎన్ని మాటలున్నయో అవ్వకు గూడ తెలుస్తది" అని ప్రవీణ్‌ను, రూపను ఎదురెదురుగా నిలబెట్టారు. అజ్జి రూప వెనక చాప మీద. "నేను ఒక ముక్క చెప్త. ఆ ముక్కనే నువ్వు చెప్పాలె బాబూ. అక్కా, నువ్వు అవ్వకు అర్థం చెప్పు."

నేను ప్రవీణ్ పక్కన నిలబడ్డాను.

"సుఖములోను, దుఃఖములోను నిన్ను విడువను" అన్నారు అయ్యగారు.

మూడు రోజులుగా నా చెవిన తెలుగు పడితే నోటి నుంచి కన్నడం వస్తోంది. ఆగి ఆలోచించే అలవాటే పోయింది. అబ్బాయి నోరు తెరిచేలోపే నేను అజ్జి వైపు చూసి గట్టిగా, "సుఖదల్లూ దుఃఖదల్లూ నిన్నన్ను బిడువుదిల్ల" అన్నాను. ప్రవీణ్‌కు తెలిసింది ఒక్కటే, విన్నది తిరిగి చెప్పాలి. చివరగా విన్నది నన్ను. రూప కళ్ళలోకి చూస్తూ, చక్కగా, తప్పుల్లేకుండా అనేశాడు.

"సుఖదల్లూ దుఃఖదల్లూ నిన్నన్ను బిడువుదిల్ల."

ముందు సువార్తమ్మ నవ్వింది. తరవాత ప్రభాకర్, దేవదాసు. "అక్కా, వాన్ని కన్నడపోన్ని చేసినవు!" అన్నారు అయ్యగారు కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ. నేను సిగ్గుతో చచ్చిపోయాను. ప్రవీణ్‌కు ఏం జరిగిందో అప్పుడు తెలిసింది.

అజ్జి నవ్వలేదు. చాప మీద నుంచి లేచి నిలబడింది.

"ఇన్నొమ్మె హేళప్పా" అంది. ఇంకోసారి చెప్పు నాయనా అని.

ఆ మాటకు అర్థం నేను చెప్పకుండానే ప్రవీణ్ మళ్ళీ చెప్పాడు. ఈసారి రూప వైపు కాదు, అజ్జి వైపు చూసి. అజ్జి కొంగుతో ముఖం తుడుచుకుంది.

అయ్యగారికి సందేహం రానే వచ్చింది. "బాగనే ఉన్నది గని, మా సంఘపోళ్ళకు పిల్లగాడు ఏమన్నడో ఎట్ల తెలుస్తది?"

సువార్తమ్మ కొంగు నడుముకు చెక్కుకుంది. "నా కొడుకు ఎసొంటోడో మాకు ఎరుకలేదా అయ్యగారూ? పుట్టినప్పటిసంది చూస్తున్నం. వాని మాట వాళ్ళకు ఇనవడాలె. పిల్ల మాట మాకు ఇనవడాలె. పిల్లను తెలుగుల చెప్పమను. మాట ఎవరికి ఇస్తున్నరో వాళ్ళకు అర్థమైతె సాలదా? మిగిలినోళ్ళకు అన్నం పెడ్తం గద."

అయ్యగారు పుస్తకం వంక చూశారు, పైకప్పు వంక చూశారు. "ఒక్కొక్కరు ఒక్కసారే చెప్తరు. రెండుసార్లు అయితలేదు" అని తనకు తానే చెప్పుకున్నారు. తరవాత రూప వైపు తిరిగి, "చెప్పమ్మా" అన్నారు.

రూప తెలుగులో చెప్పింది. 'దుఃఖములోను' దగ్గర రెండుసార్లు తడబడింది. దేవదాసు, "ఫికర్ చెయ్యకు బిడ్డా, ఆ ముక్క అంత గట్టిగ చెప్పనక్కర్లేదు" అన్నాడు.

ప్రవీణ్‌కు కన్నడ అక్షరాలు రావు. అందుకని హాలు మేనేజర్ ఇచ్చిన గుర్రం బొమ్మ కాగితం వెనక ఆ కన్నడ మాటలన్నీ తెలుగు అక్షరాల్లో రాసిచ్చాను. నా అక్షరాలు పెద్దవి, లైను మీద నిలబడవు. అతను దాన్ని నాలుగు మడతలు పెట్టి, మెడలోని కార్డు వెనక ప్లాస్టిక్ కవరులో దోపుకున్నాడు.

తిరుగు బండి

శంకర్‌పల్లికి ప్రవీణ్, రూప దింపడానికి వచ్చారు. సువార్తమ్మ కట్టిచ్చిన మెత్తని జొన్నరొట్టెలు, క్యారెట్లు, పచ్చిపులుసుకు చింతపండు, అన్నీ అజ్జి సంచిలోనే. వచ్చేటప్పటికంటే బరువు. మా ఎదురుగా వికారాబాద్ వెళ్ళే ఒకామె పూలగంపతో కూర్చుంది.

బండి కూత వేసింది. అజ్జి కిటికీ చువ్వల్లోంచి చెయ్యి బయటికి పెట్టి ప్రవీణ్‌ను పిలిచింది. అతనికి అర్థమైంది. మెడలోని కార్డు తిప్పి, కాగితం విప్పి, ప్లాట్‌ఫారం మీద నిలబడి చదవడం మొదలుపెట్టాడు. కాలీఫ్లవర్ గంపల ఆడవాళ్ళు చూస్తున్నారు. రూప ముఖం కప్పుకుంది. బండి కదిలింది. అతను పక్కనే నడిచాడు, తరవాత కొంచెం ఉరికాడు, 'బిడువుదిల్ల' దాకా చెప్పే ఆగాడు.

పూలగంప ఆమె నా వైపు వంగింది. "ఏమంటుండు ఆ పిల్లగాడు?"

నేను చెప్పేలోపే అజ్జి అందుకుంది. ఆమె అడిగింది ఎలా అర్థమైందో నాకు తెలియదు.

"మాతు కొట్ట" అంది అజ్జి. మాటిచ్చాడు అని.

పూలామె తలూపింది. "అట్లనా! మంచిగైంది అవ్వా" అంటూ గంపలోంచి రెండు చామంతులు తీసి అజ్జి చేతిలో పెట్టింది. ఇద్దరిలో ఎవరూ నా వైపు చూడలేదు. నేను సంచిలోంచి ఒక మెత్తని రొట్టె తీసుకుని, కిటికీ పక్కకు జరిగి, తినడం మొదలుపెట్టాను.